ఫిల్టరు మొగిలి

మదీనాగూడలో మొగిలీ అని పిలిస్తే ముగ్గురు తిరిగి చూసేవారు. ఒకడు గొర్రెలు కాసేవాడు. ఒకడు బొంబాయి రోడ్డు పక్కన సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు. మూడోవాడు ఫిల్టరు మొగిలి. ఫిల్టరంటే ఏమిటో ఊళ్లో సగం మందికి తెలియదు. అది అతని వీపు మీద ఉంటుందనీ, దాన్ని ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడనీ, దాని మాట ఎత్తితే మాత్రం ఎదుటివాణ్ణి ఒక పట్టాన వదలడనీ అందరికీ తెలుసు.

అతను సర్వే పార్టీలో ఖలాసీ, రోజుకూలీ మీద. శేరిలింగంపల్లి నుంచి రాయదుర్గం దాకా అప్పుడు ఉన్నవి బండలు, తుమ్మచెట్లు, సీతాఫలం పొదలు, వాటి మధ్య అక్కడో కుంట, ఇక్కడో దిగుడుబావి. ప్రభుత్వం ఆ నేలను కొలిపించేది. ఎందుకు కొలుస్తున్నారో కొలిచేవాళ్లకు కూడా సరిగ్గా తెలియదు. కొండాపూర్ దగ్గర గుడారాలు వేసుకుని, వానలు వెనకబట్టింది మొదలు ఎండలు ముదిరేదాకా గొలుసులు లాగుతూ బండలమీద తిరిగేవారు. మిగతా ఖలాసీలు గొలుసు, జెండాలు, మూడుకాళ్ల స్టాండు మోసేవారు. మొగిలి నీళ్ల యంత్రం మోసేవాడు.

ఆ యంత్రం సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఈ మనిషి అర్థం కాడు. మూరెడు పొడుగు అల్యూమినియం గొట్టం, దాని నెత్తిన చేతిపంపు, ఒక పక్క రబ్బరు పైపు. గొట్టంలో తెల్లటి పింగాణీ కడ్డీ ఒకటి, లోపల డొల్ల, మూతికి ఇత్తడి బిరడా. దాన్ని కాండిల్ అంటారు. పైపును బావినీళ్ల బకెట్లో వేసి పంపు కొడితే నీళ్లు ఆ పింగాణీ గోడలోంచి ఊరి, అవతలి పక్క తేటగా వస్తాయి. మురికీ, కంటికి ఆనని పురుగూ కాండిల్ ఒంటి మీదే ఆగిపోతాయి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో, తాగే నీళ్లలోంచి ఒంట్లో చేరే పురుగు వల్ల వచ్చే నారికురుపు ఎరగని ఇల్లు లేదు. మొగిలి ఎడమ పిక్క మీద కూడా నారి పురుగును పుల్లకు చుట్టి లాగిన మచ్చ ఉండేది. కాబట్టి ఆ తేటనీళ్ల విలువ అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అరవై ఆరులో యంత్రం కొత్తగా వచ్చినప్పుడు రామ్మోహనరావు అనే ఆఫీసరు ఉండేవాడు. యంత్రంతో వచ్చిన కాగితాన్ని ఆయన తెలుగు చేసి మొగిలికి వినిపించాడు, ఒక్కసారే. మొగిలికి చదువు రాదు, విన్నది మాత్రం పోదు. కాండిల్‌కు సబ్బు ముట్టించరాదు. నీళ్లు పోస్తూ మెత్తని కుచ్చుతో పైనుంచి కిందికి తోమాలి. దాచేముందు మూడు రోజులు నీడన ఆరబెట్టాలి, తడిగా మూసిపెడితే బూజు పడుతుంది. చేయి జారి కిందపడితే, పగులు కనపడకపోయినా సరే, పారెయ్యాలి. యంత్రం పనిచేయని రోజున నీళ్లు తెర్ల కాచి తాగవచ్చు, అంటే కుతకుత మరిగేదాకా. నీళ్లు గడ్డకట్టే చలిలో కాండిల్‌ను ఉంచరాదు. ఈ చివరి నియమాన్ని మదీనాగూడలో తప్పడం ఎవరి తరమూ కాదు. అయినా పుష్యమాసం వచ్చిందంటే మొగిలి పెట్టెకు గొంగడి చుట్టేవాడు.

ఇంకొకటి ఉంది, ఇత్తడి కడియం. తోమినకొద్దీ కాండిల్ అరిగి సన్నబడుతుంది. కడియం దాని మీదికి ఎక్కకుండా మొరాయించినంత కాలం భయం లేదు. పైనుంచి కిందిదాకా జారిపోయిందా, గోడ పలచబడిందన్నమాట, కొత్త కాండిల్ బిగించాలి. కొత్తది కావాలంటే పైఆఫీసుకు ఇండెంటు పంపాలి, అది సముద్రాలు దాటి రావడానికి ఆరు నెలలు పట్టేది. అందుకే ఎప్పుడూ ఒక కాండిల్ అదనంగా, కొయ్యపెట్టెలో, వరి ఊక మధ్య, గుడ్డలో చుట్టి ఉండేది. వానాకాలం క్యాంపు ఎత్తేసినప్పుడు యంత్రమూ పెట్టే రెండూ మొగిలి ఇంటికే వచ్చేవి. స్టోరు గదిలో ఎలుకలు రబ్బరు కొరికేస్తాయని ఆ ఏర్పాటు. ఇంట్లో అతను వాటిని దూలానికి వేలాడదీసేవాడు.

డెబ్బైలో రామ్మోహనరావు బదిలీ అయి నరసింహమూర్తి వచ్చాడు. కోస్తా మనిషి, బక్కపలచన, మాట పొదుపు. ఒకసారి కామెర్లతో చావుదాకా వెళ్లి వచ్చినవాడు. నీళ్ల విషయంలో ఆయన నమ్మిన చేయి ఒక్కటే, మొగిలిది. ఆ సంగతి ఆయన ఎన్నడూ నోటితో అనలేదు. మొగిలికి తెలుసు, తెలిసినకొద్దీ ఛాతీ ఇంత పొంగేది.

డెబ్బై మూడు వానాకాలానికి ముందు ఒక కబురు వచ్చింది. పార్టీకి ఒకడు చొప్పున రోజుకూలీ ఖలాసీలను పర్మినెంట్ చేస్తారట. అందరిలోకి ప్రత్యేకమైన పనితనం ఎవరికుందో, ఏ కారణంచేతనో ఆఫీసరు రాసి, వచ్చే సీజను చివర్లో పంపాలట. సెలవు మీద ఊరికి పోతూ నరసింహమూర్తి మొగిలితో అన్నాడు. "నీ పేరే రాద్దామనుకుంటున్నానయ్యా."

పర్మినెంట్ అంటే క్యాంపు లేని వానాకాలం నెలల్లోనూ జీతం వస్తుంది. ఎనిమిదేళ్లుగా ఆ నెలల్లో మొగిలి భార్య సత్తెమ్మ పరాయి పొలాల్లో నాట్లువేసి నడుం వంచితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. మొగిలి ఆమెకు చెప్పాడు. ఆమె ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది.

దసరా వచ్చింది. ఇంట్లో పనిముట్లన్నిటికీ మొక్కే రోజు. సత్తెమ్మ కొడవలి, గడ్డపార, రోకలి, తిరగలి అన్నీ కడిగి బొట్లు పెట్టింది. మొగిలి పని మీద కూకట్‌పల్లి పోయి ఉన్నాడు. తమకు అన్నం పెట్టే పనిముట్టు దూలానికి వేలాడుతుంటే దాన్ని వదిలేస్తుందా? పెట్టె దించింది. గుడ్డ విప్పితే మల్లెపువ్వంత తెల్లగా కాండిల్. ఇనుముకైనా కొయ్యకైనా నూనె పడితేనే మన్నిక అని ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలుసు. దోసిట్లో నువ్వులనూనె పోసుకుని, పసుపు కలిపి, తలంటినట్టు దానికి నిండా పట్టించింది. కుంకుమ బొట్టు పెట్టి, ఊదువత్తి తిప్పి, మొగుడి నౌకరీ గట్టిపడాలని దండం పెట్టుకుంది. మళ్లీ గుడ్డలో చుట్టి ఊకలో దాచింది. సాయంత్రం మొగిలి వస్తే, "నీ మిషిన్‌కు సుత మొక్కిన," అని చెప్పింది. పెట్టె మీద బొట్టు పెట్టి ఉంటుందనుకుని మొగిలి నవ్వాడు.

క్యాంపు మొదలు కావడానికి రెండు రోజుల ముందు మొగిలి యంత్రం దించి కడియం వేసి చూశాడు. కడియం చివరిదాకా సాఫీగా జారిపోయింది. దానికి అతను కంగారు పడలేదు. పాతదాని కాలం తీరింది, కొత్తది ఉండనే ఉంది. పెట్టె తెరిచి గుడ్డ విప్పాడు. లోపల కాండిల్ పచ్చగా, జిడ్డుగా, కుంకుమ బొట్టుతో ఉంది; సత్తెమ్మ దసరానాడు దేనికి మొక్కిందో అప్పుడు అర్థమైంది.

పింగాణీ నూనెను తాగేసింది. బిగించి పంపు కొడితే పిడి కదలనే లేదు. బలంకొద్దీ నొక్కితే నువ్వులనూనె కంపు కొడుతూ ఒక పచ్చటి బొట్టు వచ్చింది. తోమితే పోయే మురికి కాదది. సబ్బు పెట్టరాదు. పెట్టినా పోదు.

సత్తెమ్మకు చెప్పలేదు. కోపం రాక కాదు, వచ్చింది. కానీ ఆమె చేసింది తన కోసం. ఆ చేతులే కాండిల్‌ను చంపాయని తెలిస్తే మళ్లీ ఏ దేవుడి ముందూ చేతులెత్తదేమోనని అతనికి భయం వేసింది.

కాండిల్‌ను తువ్వాలులో చుట్టుకుని శేరిలింగంపల్లిలో కుండలు చేసే ఐలయ్య దగ్గరికి పోయాడు.

"ఇదేంది మొగిలన్నా, దీనికి ఎవరు అభిషేకం చేసిండ్రు?" అన్నాడు ఐలయ్య.

"నూనె తాగింది. బట్టీల వెట్టి కాలిస్తె పోతదా?"

"మట్టిదైతె పోతది. మూతికి ఇత్తడి ఉన్నది గద, దాని జిమ్మేదారి నాది కాదు."

మర్నాడు బట్టీ చల్లారాక తీస్తే కాండిల్ తెల్లగా, కొత్తదాని కంటే తెల్లగా బయటికి వచ్చింది. మొగిలికి ప్రాణం లేచి వచ్చింది. రెండు చేతులా అందుకుని మూతి పట్టి తిప్పాడు. ఇత్తడి బిరడా ఒక చేతిలో, కాండిల్ ఇంకో చేతిలో ఉండిపోయాయి.

"లక్కతోని అతికిస్తవా?"

"అతికిస్త. నీళ్లు సందులకెళ్లి పోతయి మరి."

సందులోంచి పోయే నీళ్లకు యంత్రమెందుకు? మొగిలి రెండు ముక్కల్నీ ఊకలో పాతిపెట్టి మూత వేశాడు. ఆఫీసరుకు చెప్పాలి. చెబితే అదనపు కాండిల్‌ను ఇంట్లో పెట్టుకుని పాడుచేసిన ఖలాసీ పేరు పర్మినెంట్‌కు ఎవరు రాస్తారు? పాత కాండిల్‌తోనే నెట్టుకొస్తే ఆ కామెర్ల మనిషి ఏమవుతాడు? దీనికి మొగిలి కనిపెట్టిన ఉపాయం యంత్రంతో వచ్చిన కాగితంలోదే. నీళ్లు తెర్ల కాచి తాగవచ్చు.

"ఇగ రోజు నీళ్లు కాగవెట్టాలె. సార్ హుకుం," అన్నాడు సత్తెమ్మతో.

"కాగవెడితె మరి మిషిన్ ఎందుకు?"

"కాగవెట్టినంక మళ్ల మిషిన్ల పోస్తరు."

సత్తెమ్మ కొంచెంసేపు ఆలోచించింది. పెద్ద నౌకర్లు చేసేవాళ్లు ఒకే పని రెండుసార్లు చేయించడం ఆమెకు వింతగా అనిపించలేదు. సర్కారు పనిలో తనకూ చేయి పడుతున్నందుకు సంతోషపడింది కూడా.

ఆనాటి నుంచి తెల్లవారుజామున సత్తెమ్మ తుమ్మకట్టెలు ఎగదోసి ఇత్తడి గంగాళంలో నీళ్లు కాచేది. చల్లార్చిన నీళ్లను మొగిలి రెండు కేన్వాసు సంచుల్లో పట్టి, వీపున యంత్రం, భుజాలకు సంచులు వేసుకుని మూడు మైళ్లు నడిచేవాడు. క్యాంపులో ఆ నీళ్లను బకెట్లో పోసి, పైపు వేసి, అందరి ఎదుటా పంపు కొట్టేవాడు. కాచిన నీళ్లను కాలం తీరిన కాండిల్లో అంత శ్రద్ధగా వడపోసిన మనిషి ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు. ఇక్కడ బావులుండగా ఊరినుంచి మోయడమేందని తోటి ఖలాసీలు ఎగతాళి చేస్తే, "మా ఊరి నీళ్లు తియ్యగుంటయి," అనేవాడు. సాయంత్రం కాండిల్‌ను తోమి ఆరబెట్టేవాడు. అలవాటు చావదు కదా.

నాలుగు నెలలు అలా నడిచింది. మాఘంలో గచ్చిబౌలి వైపు దిగిన ఇంకో పార్టీలో ముగ్గురు వాంతులూ విరేచనాలతో దవాఖానా పాలయ్యారు. నరసింహమూర్తి పార్టీలో ఒక్కడికి తలనొప్పి కూడా రాలేదు. నరసింహమూర్తి పొదుపరి. కడియం వేసి చూసే పని మొగిలికే వదిలేసి, కాండిల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, తెల్లగా ఉందని సంతోషించి, రెండు కాగితాలు రాశాడు. మొదటిది, కొత్త కాండిళ్ల కోసం అంతకుముందు పంపిన ఇండెంటు రద్దు. రెండోది మొగిలి గురించి. దాన్ని చదివి వినిపించాడు కూడా. ఒకే కాండిల్‌తో నాలుగు సీజన్లు నడిపాడనీ, అదనపు కాండిల్ ముట్టుకోవలసిన అవసరమే రాలేదనీ, పార్టీ ఆరోగ్యం ఇతని నైపుణ్యం వల్లే నిలిచిందనీ అందులో ఉంది.

"ఇంతకంటే కారణం ఎవరూ అడగరు. ఉగాది వెళ్లగానే కాగితం పంపేస్తాను," అన్నాడు. "పార్టీని అచ్చంపేట అడవుల్లోకి వేశారు. రోజుకూలీలు అక్కడ దొరుకుతారు, కాగితం వచ్చేదాకా నువ్వు రానక్కర్లేదు. యంత్రమూ పెట్టే అప్పగించు. తోమడం వాళ్లకు నేను చూపిస్తాలే."

మొగిలి ఆ పూట ఇల్లు చేరేదాకా సంతోషంగానే నడిచాడు. ఇంటికి వచ్చి సంచులు దించుతుంటే అసలు సంగతి తట్టింది. అడవిలో ఎండాకాలం చెలమల నీళ్లు. అందులో పైపు వేసి పంపు కొడతారు. ఆయన ధైర్యంగా తాగుతాడు. ఆయనకు ఆ ధైర్యం ఇచ్చింది తను. కాండిల్ పనిచేస్తుందేమోలే అని రెండు రోజులు తనకు తాను చెప్పుకున్నాడు. పనిచేస్తుందో లేదో ఎవరికి తెలుసు, నాలుగు నెలలుగా దానికి పని తగలనిస్తే కదా. మూడో రోజు అన్నం సయించలేదు. ఊరుకుంటే నౌకరీ వస్తుంది. ఊరుకోవడానికి ఏం చెయ్యాలో మాత్రం అతనికి తెలియలేదు.

ఉగాది వెళ్లాక, సామాను లారీకి ఎక్కిస్తున్న రోజు పొద్దున్నే యంత్రం తీసుకుని గుడారంలోకి పోయాడు. నరసింహమూర్తి బల్ల దగ్గర కాగితాలు సర్దుకుంటున్నాడు. మొగిలి కాండిల్ విప్పి బల్ల మీద నిలబెట్టి కడియం వదిలాడు. కడియం జారి బల్లకు తగిలి చప్పుడైంది.

నరసింహమూర్తి దాన్ని పైకి తీసి తనే ఇంకోసారి వదిలి చూశాడు. "ఎప్పటినుంచి?"

"దసర కాడికెళ్లి సార్."

"మరి ఇన్నాళ్లూ మేం తాగింది?"

"కాగవెట్టిన నీళ్లు సార్. మా ఇంట్ల కాగవెట్టి తెస్తున్న."

"కొత్త కాండిల్ ఉంది కదయ్యా."

"కరాబయింది సార్. నేనే చేసిన. నూనె చేతులతోని వట్టుకున్న. బట్టీల కాలిస్తె మూతి ఊడింది."

బయట లారీ ఎక్కిస్తున్నవాళ్ల కేకలు వినిపిస్తున్నాయి. నరసింహమూర్తి కడియాన్ని కాండిల్ మీంచి తీసి పక్కన పెట్టాడు.

"చెప్పకుండా ఉంటే నీ పని అయిపోయేది కదా."

"అయ్యేది సార్."

"మరి?"

"ఆడ మీకు నీళ్లు ఎవరు కాగవెడతరు సార్?"

నరసింహమూర్తి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఫైల్లోంచి మొగిలి కాగితం తీసి, రాసిన మూడు వాక్యాల మీదా అడ్డంగా గీత కొట్టాడు. "ఇది అబద్ధమైపోయింది మొగిలీ. అబద్ధం మీద సంతకం పెట్టలేను. వేరే కారణం రాద్దామన్నా ఇవాళే ఆఖరి రోజు, పైగా సరుకు పాడైన సంగతి కూడా రాయాలి, అది చూశాక నీ పేరు పైవాళ్లు ఒప్పుకోరు."

"పెట్టకుండ్రి సార్," అన్నాడు మొగిలి. ఇన్నాళ్ల బరువు దిగినందుకు ఒక పక్క హాయి, ఇంటికి పోయి ఏం చెప్పాలా అని ఇంకో పక్క గుబులు.

కొత్త కాండిళ్లకు ఇండెంటు మళ్లీ రాసుకున్నాక నరసింహమూర్తి అడిగాడు. "అవి వచ్చేదాకా మేమూ కాచుకునే తాగాలి. ఎంతసేపు కాచాలి?"

"అది మా సత్తెమ్మకు ఎరుక సార్."

పెట్టె ఎలాగూ తీసుకోవాలి. ఇద్దరూ జీపులో మదీనాగూడ వచ్చారు. సత్తెమ్మ గబగబా గోనెపట్టా పరిచింది. ఆయన కూర్చోకుండా నోటుబుక్కు తీశాడు. ఆఫీసరంతటివాడు తనను అడిగి రాసుకుంటుంటే సత్తెమ్మ కొంగు సర్దుకుని తీరిగ్గా చెప్పింది.

"తెర్లంగనే దింపద్దు సార్. ఇంకొక కట్టె ఎగదోసి, అది కాలేదాక పొయ్యి మీదనే ఉంచాలె. దింపినంక మూత తియ్యద్దు, దానంతలదే ఆరాలె. మీరు హుకుం ఇచ్చినకాడికెళ్లి ఒక్కనాడు సుత తప్పలే."

తను ఎన్నడూ ఇవ్వని హుకుం గురించి విని నరసింహమూర్తి మొగిలి వైపు చూశాడు. మొగిలి దూలానికున్న పెట్టె విప్పుతున్నాడు. సత్తెమ్మ దాన్ని చూపించింది.

"దసరనాడు దానికి సుత మొక్కిన సార్. లోపల తెల్లగున్నదానికి నూనె, పసువు నిండ వెట్టిన. మా ఆయన నౌకరి పక్కా కావాలని. కాయితం ఎన్నడొస్తది సార్?"

పెన్సిల్ ఆగింది. మొగిలి పెట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎనిమిదేళ్లలో ఏ ఆఫీసర్నీ ఏదీ అడగని మనిషి అప్పుడు కళ్లతో బతిమాలాడు.

"మంచిపని చేశావమ్మా," అన్నాడు నరసింహమూర్తి. నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు. "కాగితం ఈ ఏడు రాదు. అందులో పొరపాటు జరిగింది. రాసింది నేనే. తప్పు నాదే."

సత్తెమ్మ ముఖం మాడిపోయింది. అంత పెద్దమనిషితో ఆమె ఎన్నడూ ఎదురు మాట్లాడలేదు. ఆ రోజు ఆగలేకపోయింది.

"గంత నౌకరి చేస్తరు, జర చూసి రాయాలె గద సార్. మా బతుకు గా కాయితం మీదనే ఉన్నది."

"చూసి రాయాలమ్మా," అన్నాడు ఆయన. మొగిలి చేతిలోంచి పెట్టె అందుకుని తనే జీపు దాకా మోసుకుపోయాడు.

జీపు బొంబాయి రోడ్డెక్కాక కూడా సత్తెమ్మ ఆయన్ను తిడుతూనే ఉంది. చదువుకున్న చదువంతా ఏట్లో కలిసిందంది, ఆయన చేతికి జెష్ట పట్టిందంది. మొగిలి గడపలో కూర్చుని అంతా విన్నాడు. ఆయనంత మంచి ఆఫీసర్ని తాను చూడలేదని ఆమెకు చెప్పడానికి అతనికి దారి లేదు.